తాళంచెవి ఎవరి దగ్గరుండాలి?

మే నెలలో ఓ ఆదివారం పొద్దున్నే నరసరావుపేట నుంచి అమ్మ ఫోన్ చేసింది. "ఏరా, మీ నాయనమ్మ మాటలు రావట్లేదు. రాత్రి కరెంటు పోయొచ్చింది. అప్పట్నించీ టీవీలో ఏదీ కనపట్లా."

నాయనమ్మ మాటలంటే దాదాపు నలభై గంటల రికార్డింగులు. ఆవిడ పోయే ముందు రెండేళ్లు, సెలవులకి వెళ్లినప్పుడల్లా ఫోన్లో ఎక్కించుకున్నవి. కారంపూడి వీరుల తిరునాళ్ల, బ్రహ్మనాయుడి కథ ఆవిడ చిన్నప్పుడు విన్న తీరు, సాగర్ కాలవ రాకముందు నీళ్లకి పడ్డ తిప్పలు, చుట్టాల మంచీ చెడ్డా. మధ్యాహ్నం అన్నం తిన్నాక అమ్మ వాటిని పెట్టుకుని వింటూ కునుకు తీస్తుంది.

అవన్నీ ఉండేది టీవీ కింద నేను పెట్టిన ఓ చిన్న సర్వర్‌లో. అందులో నాలుగేసి టెరాబైట్ల హార్డ్‌డిస్కులు రెండున్నాయి. మొదటిదాంట్లో ఉన్నదే రెండోదాంట్లోనూ ఉంటుంది, ఒకటి చెడిపోయినా ఇంకొకటి నిలబడాలని. ఇవి కాక వెనకాల ఓ పెన్‌డ్రైవు. ఆపరేటింగ్ సిస్టం దాంట్లో ఉంటుంది. పెట్టె లేవగానే ఏ డిస్కు ఏమిటో, ఏ ఫోల్డరు ఎవరు చూడొచ్చో దానికే తెలుసు. ఫోటోలు, పాటలు, మాటలు దాంట్లో ఒక్కటీ ఉండవు. చెడిపోయింది ఆ పెన్‌డ్రైవే.

నాకు పెద్దగా కంగారు పుట్టలేదు. సిస్టం డ్రైవు పోతే ఇంకోటి కొని, సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించి, పాత డిస్కుల్ని గుర్తుపట్టమంటే అరగంట పని. కాబట్టి తీరిగ్గా ఏది కొనాలా అని చూడడం మొదలుపెట్టాను. మళ్లీ పెన్‌డ్రైవే అంటే చవక. కానీ సిస్టం రోజంతా ఏదో ఒక లాగ్ రాస్తూనే ఉంటుంది, ఆ రాతల్ని తట్టుకునేలా పెన్‌డ్రైవుల్ని చెయ్యరు. చిన్న ఎస్ఎస్‌డీ అయితే ఎనభై టెరాబైట్ల దాకా రాతకి హామీ ఇస్తారు. రోజుకి పది గిగాబైట్లు రాసినా ఇరవై ఏళ్లు దాటుతుంది. మా ఊళ్లో అసలు భయం రాతలతో కాదు, రాస్తూండగా పోయే కరెంటుతో. సర్వర్ల కోసం చేసే ఎస్ఎస్‌డీల్లో చిన్న చిన్న కెపాసిటర్లుంటాయి. కరెంటు పోయిన క్షణంలో చేతిలో ఉన్న రాత పూర్తి చేసుకునేంత శక్తి అవి దాచి ఉంచుతాయి. కొత్తవి ఖరీదే గానీ, ఆఫీసుల్లో వాడి తీసేసినవి తక్కువకి దొరుకుతాయి. అలాంటిదొకటి ఆర్డర్ పెట్టాను.

అది వచ్చాక గానీ నా తెలివితక్కువతనం బయటపడలేదు. డిస్కుల మీది డేటాని నేను ఎన్‌క్రిప్ట్ చేసి ఉంచాను. పెట్టె ఎవరైనా ఎత్తుకుపోయినా లోపలున్నవి చదవలేకుండా. కరెంటు పోయొచ్చిన ప్రతిసారీ అమ్మ పాస్‌వర్డ్ కొట్టాలంటే కుదరదని, తాళంచెవిని సిస్టం డ్రైవులోనే పెట్టి తనంతట తను తెరుచుకునేలా చేశాను. ఏమీ దాచుకోదనుకున్న పెన్‌డ్రైవు దాచిందల్లా ఆ ఒక్కటే. నాలుగు టెరాబైట్ల డిస్కులు రెండూ నిక్షేపంగా ఉన్నాయి, ఒక్క మాటా బయటికి రాదు.

మూడు రోజులు వెతికాను. చివరికి పాత లాప్‌టాప్‌లో, రెండేళ్ల క్రితం ఎందుకో తీసుకున్న సెట్టింగుల కాపీలో తాళంచెవి దొరికింది. నా గొప్పేం లేదు, అదృష్టం.

ఆ మూడు రోజుల్లో కోటప్పకొండ ప్రభలు పదేపదే గుర్తొచ్చాయి. ఊరూరా ఎనభై తొంభై అడుగుల ఎత్తున ప్రభ కడతారు. శివరాత్రి తిరునాళ్లవగానే విప్పేస్తారు. మళ్లీ ఏడు గెడలు మారతాయి, తాళ్లు మారతాయి, దీపాలు మారతాయి. అయినా అది ఆ ఊరి ప్రభే. ఎందుకంటే ఎలా కట్టాలో తెలిసినవాళ్లు ఊళ్లో ఒకరు కాదు, పదిమంది ఉంటారు. సిస్టం డ్రైవు ఎన్నిసార్లు మార్చినా మా పెట్టె మా పెట్టెగానే ఉంటుందని నేననుకున్నదీ ఆ లెక్కలోనే. తేడా ఏమిటంటే, మా ప్రభ కట్టడం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. హైదరాబాద్‌లో రోడ్డు దాటుతూ నాకేదన్నా అయితే? కొత్త డ్రైవులో ఎన్ని కెపాసిటర్లున్నా దానికి జవాబు లేదు.

మాచర్ల అవతల నాగార్జునకొండ ఉంది. జలాశయంలో లోయ మునుగుతుందని తెలిసి 1954 నుంచి అక్కడ పెద్ద ఎత్తున తవ్వకాలు జరిపారు. కొన్ని కట్టడాల్ని కొండమీదా, అనుపులోనూ తిరిగి కట్టారు. రాళ్లు మోసుకెళ్లినంత మాత్రాన స్తూపం లేవదు. ఏది ఎక్కడుండేదో కొలిచి, గీసి, పదిమందికీ తెలిసేలా రాసిపెట్టినప్పుడే లేస్తుంది. రాయిని దాచి కొలతల్ని ఒక్కడి బుర్రలో ఉంచితే, దాచినట్టా పోగొట్టినట్టా?

అయితే అమ్మకి తాళంచెవి ఇచ్చేస్తే సరిపోయేదిగా అంటారు. ఇక్కడే నా అసలు ఇబ్బంది. ఆ నలభై గంటల్లో అమ్మ వినేది ముప్పై అయిదే. మిగతావి నేను మాత్రమే చూడగలిగే ఫోల్డరులో ఉన్నాయి. "ఇది ఎవరికీ చెప్పబాక" అని నాయనమ్మ నాతో అన్న మాటలు. వాటిలో అమ్మ గురించీ ఉన్నాయి. తాళం నా చేతిలో ఉంచుకోడానికి దొంగలు సాకు, ఇదే కారణం.

పోయినవాళ్ల నమ్మకం పెద్దదా, ఉన్నవాళ్ల హక్కు పెద్దదా? చాలా ఆలోచించాను. ఆ అయిదు గంటలూ చెరిపేద్దామనీ అనిపించింది, చెయ్యలేకపోయాను. కాపలావాడు సొంతదారు కాదు. దాచమన్న మాట దాచడం నా పని. కానీ నాతోపాటే అంతా మాసిపోయేలా దాచమని ఆవిడ అడగలేదు. నా తర్వాత తలుపు తీసే దారి లేకుండా చెయ్యడం ఆవిడ మాట నిలబెట్టడం కాదు, నా భయాన్ని నిలబెట్టుకోవడం.

కొత్త డ్రైవు పెట్టడానికి ఊరెళ్లాను. తాళంచెవి, ఎక్కించే పద్ధతి ఒక కాగితం మీద తెలుగులో రాసి, అమ్మ బీరువాలో పొలం కాగితాల కింద పెట్టాను. ఇంకో కాపీ చెల్లెలికి పంపాను. అమ్మకి ఉన్నమాట చెప్పేశాను, కొన్ని ఫైళ్లు నాయనమ్మ ఎవరికీ వినిపించొద్దంది, నీ గురించి కూడా ఉన్నాయి అని.

అమ్మ నవ్వింది. "నాకు తెలియని మాటలేంట్రా అవి? ముప్పై ఏళ్లు ఒకే పొయ్యి దగ్గర నిలబడ్డాం." బీరువా తలుపేసి, మధ్యాహ్నానికి కారంపూడి కథ పెట్టమంది.