పరువు ఎవరిది పోయింది?

నేడు మన ఇళ్ల నుంచి ఎందరో ఆడపిల్లలు పెద్ద చదువుల కోసం హైదరాబాదు, విజయవాడ, చెన్నై వంటి నగరాలకు వెళ్తున్నారు. హాస్టళ్లలో ఉండి చదువుకుంటున్నారు. ఇది సంతోషించవలసిన విషయం. అయితే బిడ్డను సాగనంపుతూ తల్లిదండ్రులు చెప్పే చివరి మాట తరచూ ఒకటే ఉంటుంది: "మన ఇజ్జత్ నీ చేతుల్లో ఉందమ్మా!"

ఇది ప్రేమతో అన్న మాటే. కాని రేపు ఆ బిడ్డపై ఎవడైనా దౌర్జన్యం చేస్తే, ఈ మాటే ఆమె నోటికి తాళమవుతుంది. ఇంట్లో చెబితే చదువు మాన్పిస్తారని, తన వల్ల కుటుంబం తలదించుకుంటుందని ఆమె భయపడుతుంది. దౌర్జన్యపరునికి కావలసింది సరిగ్గా ఆ భయమే. కనుక మనం ఒక ప్రశ్నకు సమాధానం వెతకాలి. బలాత్కారం జరిగినప్పుడు పరువు పోయేది ఎవరిది?

షరీఅత్ తీర్పు

దైవప్రవక్త (స) కాలంలో ఒక స్త్రీ నమాజు కోసం ఇంటి నుంచి బయలుదేరింది. దారిలో ఒకడు ఆమెపై బలాత్కారం చేసి పారిపోయాడు. ఆమె కేకలు విని జనం పరుగెత్తుకొచ్చారు. అటుగా పోతున్న ఒక వ్యక్తిని చూసి ఆమె అతడేనని పొరబడింది. జనం అతన్ని పట్టుకొచ్చారు. తీర్పు వెలువడబోతుండగా అసలు దోషి లేచి నిలబడి నేరం తనదేనని ఒప్పుకున్నాడు. దైవప్రవక్త (స) ఆ స్త్రీకి అల్లాహ్ మన్నింపు లభించిందని చెప్పి పంపించారు. పొరపాటున పట్టుబడిన వ్యక్తితో మంచిగా మాట్లాడారు. దోషికి శిక్ష విధించారు. అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాల్లో ఈ సంఘటన ఉంది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఏమిటంటే, ఒంటరిగా ఎందుకు వెళ్లావని ఆ స్త్రీని ఎవరూ నిలదీయలేదు. హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో ఒకడు ఒక బానిస స్త్రీని బలవంతం చేస్తే, ఆయన అతణ్ణి కొరడాలతో కొట్టించి బహిష్కరించారు. బలవంతానికి గురైనందున ఆమెను శిక్షించలేదు. ఇది సహీహ్ బుఖారీలో ఉంది. ఇమామ్ మాలిక్ (రహ్మ) అయితే శిక్షతో పాటు, బాధితురాలికి మహర్‌తో సమానమైన సొమ్ము కూడా దోషి చెల్లించాలన్నారు. దివ్య ఖుర్ఆన్ నూర్ సూరా 33వ ఆయతులో కూడా బలవంతానికి గురైన స్త్రీల విషయంలో అల్లాహ్ మన్నింపు, కారుణ్యాల ప్రస్తావనే వస్తుంది. మరి అల్లాహ్ వద్ద తగ్గని ఆమె గౌరవం మన వీధిలో ఎందుకు తగ్గాలి?

చెన్నై అమ్మాయి

2024 డిసెంబరు 23 రాత్రి చెన్నైలోని అన్నా విశ్వవిద్యాలయం ఆవరణలో ఒక విద్యార్థినిపై లైంగిక దాడి జరిగింది. దుండగుడు బయటివాడు, బిర్యానీ బండి వ్యాపారి. వీడియో తీశానని, బయటపెడతానని బెదిరించాడు. అంటే అతని చేతిలోని అసలు ఆయుధం లోకనిందే! కాని ఆ అమ్మాయి లొంగలేదు, ఫిర్యాదు చేసింది. ఆమె వివరాలున్న ఎఫ్ఐఆర్ బయటికి పొక్కింది. మద్రాసు హైకోర్టు దీన్ని తీవ్రంగా పరిగణించి, ముగ్గురు మహిళా ఐపీఎస్ అధికారులతో దర్యాప్తు బృందాన్ని నియమించింది. బాధితురాలికి 25 లక్షల రూపాయల మధ్యంతర పరిహారం ఇవ్వాలని ఆదేశించింది. 2025 జూన్ 2న మహిళా కోర్టు దోషికి యావజ్జీవ ఖైదు విధించింది. కనీసం 30 ఏళ్లు శిక్ష తగ్గింపు లేకుండా జైల్లో ఉండాలని చెప్పింది.

ఆ సమయంలో ఆమె ఒక స్నేహితునితో ఉంది. "అయితే తప్పు ఆమెది కూడా కదా!" అనేవారు మనలో ఉన్నారు. పరాయి స్త్రీపురుషులు ఏకాంతంలో ఉండరాదన్నది ధర్మాదేశమే. దాన్ని మనం పిల్లలకు నేర్పాలి. కాని ఒకడు నమాజు వదిలేశాడని అతని జేబు కొట్టడం హలాల్ అయిపోదు కదా! ఒకరి లోపం మరొకరి జుల్మ్‌కు అనుమతిపత్రం కాదు.

నలుగురు సాక్షుల మాట

"నలుగురు సాక్షులున్నారా?" అని కొందరు అడుగుతారు. నూర్ సూరా 4వ ఆయతులో ఈ షరతు ఎవరికి పెట్టారో చూడండి. శీలవతులైన స్త్రీలపై నింద మోపేవారికి! అన్యాయం జరిగిందని మొరపెట్టుకునే స్త్రీకి కాదు. కాబట్టి ఆ ఆయతును చూసి భయపడవలసింది బాధితురాలి గురించి గుసగుసలాడే నాలుకలే.

అలాగే నిర్దోషి బలి కావడం కూడా న్యాయం కాదు. 2007లో విజయవాడ సమీపంలోని ఇబ్రహీంపట్నంలో హాస్టల్లో ఉంటున్న ఒక ఫార్మసీ విద్యార్థిని అత్యాచారానికి, హత్యకు గురైంది. 2010లో కింది కోర్టు ఒక యువకుణ్ణి దోషిగా తేల్చింది. 2017లో హైకోర్టు అతణ్ణి నిర్దోషిగా విడుదల చేసింది. అప్పటికి అతను సుమారు ఎనిమిదేళ్లు జైల్లో గడిపాడు. ఇటు ఆ కుటుంబానికీ న్యాయం దక్కలేదు. బాధితురాలిని నిందించకుండా, నిర్దోషిని బలిపెట్టకుండా నిజాన్ని వెలికితీయడమే ప్రవక్త (స) చూపిన మార్గం.

జాగ్రత్త ఎక్కడ మొదలవ్వాలి?

నూర్ సూరాలో చూపులు దించుకోమన్న ఆజ్ఞ మొదట పురుషులకు వచ్చింది (30వ ఆయతు), ఆ తర్వాతే స్త్రీలకు. మనం మాత్రం పాఠమంతా కూతురికి చెప్పి కొడుకును వదిలేస్తున్నాం. కొడుకును కూడా కూర్చోబెట్టి చెప్పండి. స్నేహితుడు ఒక అమ్మాయిని వేధిస్తుంటే చూసి నవ్వడం, ఆమె వీడియోను ఇతరులకు పంపడం కూడా పాపమేనని చెప్పండి. అన్యాయం చేసే సోదరునికి కూడా సాయపడమని, అతని చేయి పట్టి ఆపడమే ఆ సాయమని దైవప్రవక్త (స) బోధించారు.

బిడ్డ వచ్చి చెబితే

ముందు ఆమె మాట నమ్మండి. "తప్పు నీది కాదు" అనండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులన్నీ ఉచితంగా చికిత్స చేయాలని చట్టం చెబుతోంది. వీలైతే స్నానం చేయక ముందే వెళ్లాలి, ఆ బట్టలు ఉతకకుండా ఉంచాలి. ఆలస్యమైనా ఫిర్యాదు చేయవచ్చు. ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. సహాయానికి 112, 181 నంబర్లున్నాయి. యూజీసీ 2015 నిబంధనల ప్రకారం ప్రతి ఉన్నత విద్యాసంస్థలో లైంగిక వేధింపులపై విచారించే అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. అడ్మిషన్ నాడే ఆ కమిటీ ఎక్కడుందో అడిగి తెలుసుకోండి.

పెద్దమనుషుల పంచాయితీలో డబ్బుతో సర్దుబాటు చేయడం, దౌర్జన్యం చేసినవాడికే ఇచ్చి నికాహ్ జరిపించడం మజ్లూమ్‌పై రెండో జుల్మ్ అవుతుంది. వంద గొర్రెలు, ఒక బానిస స్త్రీని ఇచ్చి వ్యభిచార నేరాన్ని సర్దుబాటు చేసుకున్న ఒక వ్యవహారంలో, ఆ పరిహారాన్ని వాపసు ఇప్పించి దైవశాసనం ప్రకారమే తీర్పు చెప్పారు దైవప్రవక్త (స).

తల్లిదండ్రులారా! ఈసారి బిడ్డను సాగనంపేటప్పుడు ఇలా చెప్పండి: "ఏం జరిగినా ముందు మాకే చెప్పమ్మా. మేము నీ వెంటే ఉంటాం." పరువు పోయేది జుల్మ్ చేసినవాడిది, దాన్ని కప్పిపుచ్చినవారిది.

మజ్లూమ్ పక్షాన నిలబడే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.