మ్రొక్కుబడియు కాకతాళీయ న్యాయమును

తిరుమల కల్యాణకట్టలో తలనీలాలు సమర్పించువారిని మ్రొక్కునకు కారణమేమని అడిగినచో పలువురు ఒక కథ చెప్పుదురు. పసుపుగుడ్డలో ముడుపు కట్టిన మరునాడే బిడ్డకు జ్వరము తగ్గినది. ఏండ్ల తరబడి కుదరని సంబంధము కొండ దిగిన వారములోనే కుదిరినది. విన్న ఆస్తికుడు 'గోవిందా' యని చేతులు జోడించును. హేతువాది 'కాకతాళీయము' అని చిరునవ్వు నవ్వును.

ఈ కాకతాళీయమను మాట నేటి నాస్తికులు కల్పించినది కాదు. ఇట్టి పదములు సిద్ధించుటకు పాణిని అష్టాధ్యాయిలోని ఐదవ అధ్యాయమున సూత్రమే చేసెను. కాకి వాలినది, తాటిపండు రాలినది. రెంటికిని కార్యకారణ సంబంధము లేదు. సంశయమును సైతము గౌతమ మహర్షి పదునారు పదార్థములలో ఒకటిగా పరిగణించెను. కావున సందేహించువానిని చూచి ఆస్తికులు ఉలికిపడ నక్కరలేదు. అతడు మన యింటివాడే.

కారణత్వమును నిర్ణయించుటకు తార్కికులు అన్వయ వ్యతిరేకములు రెంటిని కోరుదురు. ఇది యున్నచో అది యుండుట అన్వయము. ఇది లేనిచో అది లేకుండుట వ్యతిరేకము. మ్రొక్కి ఫలము పొందినవారి కథలు మనకు వినవచ్చును. మ్రొక్కియు పొందనివారి మాట యేమి? మ్రొక్కకయే పొందినవారో? పూర్వము గ్రీకు దేశమున డయాగరస్ అను నాస్తికునకు, సముద్రాపద నుండి బ్రతికి బయటపడినవారు మ్రొక్కు చెల్లించి దేవాలయమున ఉంచిన చిత్తరువులను ఒకరు చూపగా, 'మునిగినవారి చిత్తరువు లెక్కడ?' అని అతడు అడిగెనట. రోమను పండితుడు సిసెరో ఈ కథను వ్రాసెను. అడిగినవాడు నాస్తికుడైనను ప్రశ్న న్యాయమైనదే.

మన శాస్త్రమున ఈ ప్రశ్న మరింత సూటిగా నున్నది. పుత్రకామేష్టి చేసినను పుత్రుడు కలుగకుండుట కనబడుచున్నది గనుక వేదము అసత్యమని న్యాయసూత్రములలో పూర్వపక్షి వాదించును. కర్మయందో, కర్తయందో, సాధనములయందో వైగుణ్యము ఉండవచ్చునని సిద్ధాంతి సమాధానము. అది వేదప్రామాణ్యమును నిలుపుటకు చెప్పిన మాట. దానిని తెచ్చి, ముడుపు కట్టియు బిడ్డను పోగొట్టుకొన్న తల్లి యెదుట 'నీ భక్తి చాలలేదమ్మా' అనువారు నేటికిని కలరు. ఇంతకంటె క్రౌర్యము వేరొకటి లేదు. జ్వరము తగ్గుట ఒక తల్లి భక్తికి రుజువైనచో, తగ్గకుండుట మరియొక తల్లి భక్తిలేమికి రుజువు కావలసివచ్చును. ఈ రెండవ మాట పలుకుటకు నోరు రానివాడు మొదటిదానిని సాక్ష్యముగా చూపరాదు.

1995 సెప్టెంబరు 21న వినాయక విగ్రహములు పాలు త్రాగుచున్నవని దేశమంతట జనులు గుళ్ల ముందు బారులు తీరిరి. తలతన్యత వలన చెంచాలోని పాలు విగ్రహము మీదికి పాకి క్రిందికి జారుచున్నవని శాస్త్రజ్ఞులు రంగు కలిపిన పాలతో చూపిరి. అంతమాత్రమున మరుసటి చవితికి పూజ మానినవారెవరు?

1978 నుండి 1982 వరకు దేవస్థానమునకు కార్యనిర్వహణాధికారిగా నుండిన పి.వి.ఆర్.కె. ప్రసాద్ గారు తమ తిరుమల అనుభవములను గ్రంథస్థము చేసి, దాని పేరులోనే 'నాహం కర్తా హరిః కర్తా' అని చేర్చిరి. నేను కర్తను కాను, హరియే కర్త యని భావము. ఇది ఎదుటివానిని ఓడించు హేతువు కాదు. తన కర్తృత్వమును తాను విడుచుట. జ్వరము తగ్గిన బిడ్డ తల్లి గుండు చేయించుకొని మ్రొక్కునదియు ఈ భావముతోనే. ఆమెకు అది కృతజ్ఞత. దానిని ప్రమాణముగా మార్చి వాదమునకు దిగునది ప్రక్కనున్న మనమే.

మునిగినవారెక్కడ అన్న ప్రశ్నకు తిరుమలలో మాత్రము ఒక జవాబు కలదు. వారిలో కొందరు అలిపిరి మెట్ల మీదనే కనబడుదురు. బిడ్డను పోగొట్టుకొన్న తల్లియు మరుసటి యేడు మోకాళ్లు పట్టుకొని ఎక్కివచ్చును. చెల్లించుటకు మ్రొక్కు లేదు, చెప్పుటకు కథ లేదు. ఆమెను ఆస్తికుడు తన సాక్షులలో చేర్చుకొనడు. హేతువాదికి ఆమె యేల వచ్చినదో తెలియదు. క్యూలో ముందున్నవారు 'ఏమి మ్రొక్కు తల్లీ?' అని అడిగినచో, 'ఏమియు లేదు, చూచిపోవుటకు వచ్చితిని' అనును.