నాలుగు పేర్ల మనసు

వేదాంతం అంతఃకరణాన్ని నాలుగుగా చూస్తుంది. అటా ఇటా అని ఊగేది మనసు, ఇదీ అని తేల్చేది బుద్ధి, పట్టినదాన్నే తలపోసేది చిత్తం, ‘నేను’ అనుకునేది అహంకారం. శాస్త్రం ముఖం చూడనివాళ్ల నోట కూడా ఈ తేడా చెక్కుచెదరదు. చీర మీద ‘మనసు పడింది’ అంటారే గానీ బుద్ధి పడిందనరు. తప్పు చేసినవాడు ‘బుద్ధి గడ్డి తిని చేశాను’ అంటాడు. చెడింది తీర్పు కదా. ఇంగ్లిషులో తేల్చుకున్నా, మార్చుకున్నా, గుర్తుంచుకున్నా అన్నిటికీ మైండే. 1611లో ఇంగ్లిషు వర్తకులు బందరులో స్థావరం పెట్టారు. వాళ్లతో వచ్చిన ఆ భాష ఎంతగా కలిసిపోయిందంటే, ఇప్పుడు ‘మైండ్ బ్లాంకయింది’ అన్నది అచ్చ తెలుగు నానుడిలాగే చెలామణీ అవుతోంది. నాలుగింటిలో ఏది బ్లాంకయిందో మాత్రం అందులో తేలదు.

మనసు చంచలమని, గాలిని పట్టినంత కష్టమని గీత ఆరో అధ్యాయంలో అర్జునుడు మొరపెట్టుకుంటాడు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో ఆ గాలిని చూసిన దివిసీమకు ఆ పోలికను ఎవరూ విడమరచనక్కర్లేదు. కృష్ణుడు చెప్పిన మందు రెండు మాటలే: అభ్యాసం, వైరాగ్యం.

చిత్తం సంగతి సామెతలో ఉంది: ‘చిత్తం శివుడి మీద, భక్తి చెప్పుల మీద’. మోపిదేవి గుడినే చూడండి. అక్కడ సుబ్రహ్మణ్యేశ్వరుడిది పాము చుట్టల మీద వెలసిన లింగరూపం. పానవట్టం కింది రంధ్రంలో భక్తులు పాలు పోస్తారు. చేయి పాలు పోస్తుండగా తలపు గుడి బయట విడిచిన చెప్పుల చుట్టూ తిరిగిందంటే, శాస్త్రం లెక్కన అక్కడున్నదే చిత్తం. సామెత దాన్ని వెక్కిరింతగా తిరగేసి చెప్పింది.

ఈ నాలుగింటిలో మొండిది అహంకారం. ‘నేనెవరో తెలుసా’ అన్న మాటలో పలికేది అదే. సిద్ధేంద్రయోగి దీన్ని భామాకలాపంలో ఆటకెక్కించాడు. కూచిపూడి సంప్రదాయంలో సత్యభామ ముందు మొహం చూపదు. తెర వెనక ఉండి, పొడుగాటి జడను తెర మీదుగా ఇవతలికి వేస్తుంది. తనను మించినవాళ్లు ఎవరైనా ఉంటే రమ్మన్న సవాలది. ‘తలపొగరు’ అన్న నానుడికి ఇంతకంటే మంచి వ్యాఖ్యానం దొరకదు. కృష్ణుడు అలిగి వెళ్లిపోయాక ఆ పొగరు విరహంగా కరుగుతుంది, చివరికి చెలికత్తె మాధవి చేతికిచ్చి పంపే లేఖ అవుతుంది. జీవాత్మ పరమాత్మను వెతకడమే ఈ కథ అని పెద్దలు అన్వయిస్తారు.

కూచిపూడి పక్కనే ఉన్న మొవ్వలోని గోపాలుడి పేరును ముద్రగా పెట్టుకున్న క్షేత్రయ్యది వేరే దారి. ఆయన పదాల్లో నాయిక మనసు పడుతుంది, అలుగుతుంది, విరుగుతుంది, మళ్లీ అతడి దగ్గరికే పోతుంది. బుద్ధి ఎంత వారించినా అక్కడ దాని మాట చెల్లదు.