గోల్కొండ మీద వాన

గోల్కొండ కోట హైదరాబాదుకు పడమట, సుమారు 120 మీటర్ల గ్రానైటు గుట్ట మీద ఉంది. కాకతీయుల నాడు మట్టికోట. 1518 తర్వాత కుతుబ్‌షాహీల చేతిలో రాతికోట అయింది. గుట్ట కొసన బాలాహిస్సార్ బారాదరి, అడుగున రాణివాసాలు, నగీనాబాగ్ తోట. ఆషాఢంలో గురువారం, ఆదివారం జగదాంబ అమ్మవారికి బోనాలెత్తుకుని కుటుంబాలకు కుటుంబాలే మెట్లెక్కుతాయి. వాన పట్టుకునేదీ ఆ రోజుల్లోనే.

ఎండలో కోట చూసి వెళ్లే వింత. వానలో అది మళ్లీ ఇల్లవుతుంది. చినుకు ముదిరితే రాజుల పేర్లు ఎవరికీ పట్టవు. ఏ కమాను కింద జల్లు కొట్టదు, ముసలమ్మను ఏ గోడవార కూర్చోబెట్టాలి, పులిహోర క్యారియర్ ఎక్కడ దించాలి అన్నదే ఆలోచన. కట్టినవాళ్లు ఆలోచించిందీ దాదాపు ఇదే. కమాను లోతు, అరుగు ఎత్తు, నేల వాలు ఎందుకో అప్పుడు తెలుస్తుంది. కింద ప్రవేశద్వారం దగ్గర కొట్టిన చప్పట్లు పైకి వినిపించడం కన్నా ఇది పెద్ద విశేషమే, గైడ్లు చెప్పకపోయినా.

కొండ మీద కాపురానికి అసలు చిక్కు నీళ్లు. దుర్గం చెరువు నుంచి వచ్చిన నీటిని చక్రాలతో తొట్టి నుంచి తొట్టికి అంచెలంచెలుగా ఎత్తేవారు. గార పెచ్చులూడిన చోట కాల్చిన మట్టి గొట్టాలు గోడలో ఇప్పటికీ కనిపిస్తాయి. పైన ఒక ఫౌంటెన్ చిమ్మాలంటే కింద ఎవరో పొద్దస్తమానం చక్రం తిప్పాలి. నీటిని ఎదురెక్కించడమే ఆనాటి దొరతనం. ఇప్పుడు అవే నీళ్లు అడగకుండానే అందరి నెత్తినా పడుతుంటే, వాన వచ్చి షికారు చెడగొట్టిందని విసుక్కుంటారు.

ఆ విసుగు ఔరంగజేబు సైన్యానికీ తప్పలేదు. 1687 ముట్టడిలో వానలు మొగలుల డేరాలను, మోర్చాలను ముంచేశాయి. ఎనిమిది నెలలు నిలిచిన కోట చివరికి లోపలివాళ్లు తలుపు తీయడంతో పడిపోయింది.

వానలో కోట ఎక్కడం కన్నా దిగడం కష్టం. నున్నబడ్డ మెట్లు తడిస్తే జారతాయి. పిల్లలు ముందు ఉరుకుతారు, పెద్దలు గోడ పట్టుకుని అడ్డంగా అడుగేస్తారు. పల్లకీలో తిరిగే రాజుకు ఈ జారుడు సంగతి తెలిసి ఉండకపోవచ్చు. బోయీలకు మాత్రం ఏ మెట్టు ఎటు వాలిందో తెలిసే ఉంటుంది.