‘ఇవ్వు’కీ ‘ఇవ్వండి’కీ మధ్య ఒక టీ

ప్రాజెక్టు మీద నెదర్లాండ్స్ వెళ్లేముందు, ఎస్.ఆర్. నగర్ హాస్టల్ గదిలో నేను బట్టీ పట్టిన మొదటి డచ్ వాక్యం టీ అడిగేది. ‘మాఖ్ ఇక్ ఎన్ తే, ఆల్స్‌ట్యుబ్లీఫ్ట్?’ నేనొక టీ తీసుకోవచ్చా, మీకు ఇష్టమైతే, అని. ఆ చివరి మాటని విడదీస్తే ‘మీకు ఇష్టమైతే’ అనే ముక్క మొత్తం అందులోనే ఉంటుంది. చనువున్నచోట అదే ‘ఆల్స్‌యెబ్లీఫ్ట్’ అవుతుంది. అక్కడికెళ్లాక తెలిసిన తమాషా ఏంటంటే, టీ తెచ్చి బల్ల మీద పెట్టే మనిషి కూడా అదే మాట అంటాడు. అడగడానికీ ఇవ్వడానికీ ఒకటే మాట.

టీ సంగతి మాత్రం అడక్కండి. గ్లాసుడు వేడినీళ్లు, పక్కన ఒక టీబ్యాగు, ఒక చిన్న బిస్కెట్. పాలుండవు.

ఓసారి ఒక కొలీగ్ వాళ్లింటికి వెళ్లాను. టీ తాగుతావా అంది. మనవాళ్లలాగే ‘అబ్బే, వద్దులెండి’ అన్న ధోరణిలో వద్దన్నాను. సరేనని తనొక్కతే పెట్టుకుని తాగింది. రెండోసారి అడుగుతుందని గంటసేపు ఎదురుచూశాను! ఎంత మర్యాద లేని మనుషులు అనుకుంటూ బస్సెక్కాను. కొన్నాళ్లకి అర్థమైంది, ఆవిడ నా మాట నమ్మింది, అంతే. మనింట్లో మొదటి ‘వద్దు’ని ఎవరూ నమ్మరు. ఆ నమ్మకపోవడాన్నే మనం ఆప్యాయత అంటాం. నాకిప్పటికీ ఆ ఆప్యాయతే ఇష్టం, అది వేరే సంగతి.

తిరిగొచ్చాక మళ్లీ ఎస్.ఆర్. నగర్‌లోనే దిగాను. పాత టీ కొట్టు ముందు నిలబడితే విచిత్రంగా మాట రాలేదు. ‘దయచేసి’ అంటే రైల్వే స్టేషన్‌లో అనౌన్స్‌మెంట్‌లా ఉంటుంది. తెలుగులో మర్యాద విడి మాటలో ఉండదు, క్రియ చివర ఉంటుంది. ఇవ్వు, ఇవ్వండి, ఇయ్యిరా. అంటే ఎదుటివాడు నాకంటే పైనా కిందా తేల్చుకోకుండా ఒక టీ కూడా అడగలేను. డచ్‌లోనూ ‘మీరు’, ‘నువ్వు’ ఉన్నాయి. కానీ నేను బట్టీ పట్టిన వాక్యంలో ఆజ్ఞ లేదు, అది నా గురించి నేను అడుక్కునే అనుమతి.

అలాగని వాళ్లని మరీ నెత్తిన పెట్టుకోలేను. ‘తే’ అనే చైనా తీరపు మాటని పదిహేడో శతాబ్దంలో ఓడల మీద యూరప్‌కి చేర్చింది ఎక్కువగా డచ్ వాళ్లే. మన ‘టీ’కి మూలం అదే. ‘చాయ్’ మాత్రం పర్షియన్ దారిలో వచ్చింది. అదే కాలంలో ఆ కంపెనీకి గోల్కొండ వాళ్ల రేవు మచిలీపట్నంలో బట్టల వ్యాపారం ఉండేది. ఈ కోరమాండల్ తీరం నుంచే మనుషుల్ని బానిసలుగా కొని బటావియాకి పంపింది కూడా ఆ కంపెనీయే. మీకు ఇష్టమైతే ఓడెక్కండి అని వాళ్లని ఎవరూ అడిగుండరు. ఇటు మన పల్లెల్లో ‘అన్నా’, ‘తమ్ముడూ’ అని నోరారా పిలుస్తూనే హోటళ్లలో దళితులకి వేరే గ్లాసు పెట్టారు. రెండు గ్లాసుల పద్ధతి అంటే ఏంటో చట్టం పుస్తకాల్లో కంటే ఊళ్లో బాగా తెలుసు.

ఇంత తెలిసినవాణ్ణి నేనేం చేసేవాణ్ణి? గల్లా పెట్టె దగ్గర ఓనర్‌తో ‘అన్నా, ఒక చాయ్ ఇవ్వండి’. గ్లాసులు కడిగే కుర్రాడితో ‘రేయ్, ఇటు తుడువ్’. అతనికి ఇరవై ఉంటాయి. నేను ఇంజినీరింగ్ మూడో సంవత్సరంలో ఉన్నప్పటి వయసు. అప్పుడు నన్నెవరైనా ‘రేయ్’ అంటే కొట్లాటే.

ఒకరోజు తెగించి అతనితోనే అన్నాను, ‘ఒక టీ ఇవ్వండి’ అని. వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరితోనో అంటున్నాననుకుని. ఓనర్ నవ్వాడు. “సార్, వానితో గట్ల మాట్లాడకుండ్రి, నెత్తికెక్కుతడు.” కుర్రాడూ నవ్వాడు గానీ ఆ నవ్వు నాకు బాగాలేదు. నేనేదో అతన్ని ఆటపట్టించినట్టు తీసుకున్నాడనిపించింది.

ఇప్పుడు ‘తమ్ముడూ, ఒక టీ’ అంటున్నాను. క్రియ మింగేస్తున్నాను.