రాత్రి మూడు లైన్లు, స్వామికి

ఓం నమో వేంకటేశాయ.

మా గవర్నర్‌పేటలో, ఏలూరు రోడ్డు పుస్తకాల షాపుల్లో రామకోటి పుస్తకం అడిగితే ఇప్పటికీ దొరుకుతుంది. గళ్ళు నింపుతూ రోజూ రామనామం రాయడం మన అమ్మమ్మలకి అలవాటు. మన తరానికేమో "జర్నలింగ్" అనే మాట వచ్చింది. మనసులోది రోజూ కాగితం మీద పెట్టమంటారు. ఇదేదో బయటి దేశాల అలవాటు అనుకుంటాం. కానీ ఇలాంటి పనే మన తెలుగువాడు ఒకాయన 79 ఏళ్ళు చేశారు.

ఆయన తాళ్ళపాక అన్నమాచార్యులు. పదహారో ఏట, 1424లో మొదలుపెట్టి 1503లో పరమపదించేదాకా సంకీర్తనలు చెప్పారని ఆయన రాగిరేకుల్లోనే ఉంది. రోజుకి ఒక్కటైనా స్వామికి సమర్పించాలని నియమం పెట్టుకున్నారని పెద్దలు చెబుతారు. మొత్తం 32 వేలు అంటారు. లెక్కేసి చూడండి, రోజుకి ఒకటి కంటే కాస్త ఎక్కువే వస్తుంది. మనకి దక్కినవి సుమారు 12 వేలు. ఆ రేకులు చదివి పరిష్కరించిన పండితుల్లో ఒకరైన వేటూరి ప్రభాకర శాస్త్రి గారిది మన కృష్ణా జిల్లా పెదకళ్ళేపల్లే.

ఆయన ఆధ్యాత్మ సంకీర్తనలు శ్రద్ధగా వినండి. ఆశలు, కోపం, ఊరికే గడిచిపోయే రోజులు, మాట వినని మనసు... ఏదీ దాచలేదు. అంతా స్వామితోనే చెప్పుకున్నారు.

మనం నేర్చుకోవాల్సింది ఇదే. మనకోసం మనమే రాసుకుంటే మామూలుగా రెండే జరుగుతాయి. మనల్ని మనం సమర్థించుకుంటాం, లేదా "నేను వేస్ట్" అని తిట్టుకుంటాం. అదే స్వామికి రాస్తే? ఆయనకి ముందే తెలుసు కాబట్టి అబద్ధం రాయలేం. ఆయన మనల్ని వదిలేయడు కాబట్టి భయపడక్కర్లేదు.

నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది ఈజీగా అర్థమవుతుంది. సర్వర్ ఆగిపోతే ముందు లాగ్స్ చూస్తాం. ఎన్నింటికి ఆగింది, దానికి ముందు ఏం జరిగింది అని వెతుకుతాం. మనసుకీ అలాంటి లాగ్ ఒకటి ఉండాలి. ఉదాహరణకి మీరు ఇలా రాశారనుకోండి: "స్వామీ, సాయంత్రం అమ్మ ఫోన్ చేస్తే విసుక్కున్నాను. అంతకుముందే ఫ్రెండ్‌కి అమెరికా వీసా వచ్చిందని పోస్టు చూశాను." వారం తర్వాత ఇలాంటివే మూడు కనిపిస్తే, అసలు సమస్య అమ్మ ఫోన్ కాదని, మనలోని అసూయ అని తెలిసిపోతుంది. తెలిసాక అమ్మకి ఫోన్ చేసి ప్రేమగా మాట్లాడగలం.

గీత ఆరో అధ్యాయంలో అర్జునుడు, మనసుని పట్టుకోవడం గాలిని పట్టుకోవడమంత కష్టం అంటాడు. కృష్ణుడు అది కాదనడు. అభ్యాసంతో, వైరాగ్యంతో సాధ్యమే అంటాడు. రోజూ రాయడం అభ్యాసం. రాసింది ఆయన పాదాల దగ్గర వదిలేసి పడుకోవడం వైరాగ్యం.

ఎలా చేయాలంటే, పడుకునే ముందు ఫోన్ పక్కన పెట్టి నోట్‌బుక్ తీయండి. పైన "స్వామీ" అని రాసి మూడే లైన్లు రాయండి. ఇవాళ మనసు ఎక్కడ జారింది? దానికి ముందు ఏం జరిగింది? రేపు ఏం చేస్తాను? ఆదివారం ఒకసారి అన్నీ చదవండి. స్టేటస్‌లో మాత్రం పెట్టకండి, ఇది మీకూ స్వామికీ మధ్య విషయం. ఒకరోజు మర్చిపోతే మర్నాడు రాయండి, అంతే. రాసినా బరువు దిగకపోతే ఇంట్లో పెద్దవాళ్ళతోనో, డాక్టర్‌తోనో మాట్లాడండి. ఆ సాయం కూడా స్వామి పంపిందే.

ఈ రాత్రి ఒక్క లైనుతో మొదలుపెట్టండి.

గోవిందా గోవింద!