ఆ బిడ్డ కూడా అమానతే

కొందరు పిల్లలు పేరు పెట్టి పిలిచినా తిరిగి చూడరు. మాటలు ఆలస్యంగా వస్తాయి. కుక్కర్ కూత వినగానే చెవులు మూసుకుంటారు. వైద్యులు పరీక్షించి ఆటిజం అని చెబుతారు. మన ఇళ్లలో మాత్రం దిష్టి తగిలిందంటారు, జిన్ను సోకిందంటారు, తల్లి పెంపకం సరిగా లేదంటారు.

ఆటిజం అనేది మెదడు ఎదిగే తీరులోని తేడా. తల్లి పెంపకం వల్ల అది రాదని పరిశోధనలు తేల్చాయి. ఆధారం లేకుండా ఒక తల్లిపై నింద మోపడం పాపమని విశ్వాసులకు వేరే చెప్పాలా?

మరి బిడ్డను అల్లాహ్ ఇలా సృష్టించినప్పుడు థెరపీకి తీసుకువెళ్లడం ఆయన నిర్ణయం పట్ల అసంతృప్తి కాదా అని కొందరు అడుగుతారు. కానే కాదు. ముందు ఒంటెను కట్టివేసి, తర్వాత అల్లాహ్‌పై భారం వేయమన్నారు దైవప్రవక్త (స). అయితే థెరపీ ఉద్దేశం బిడ్డను మరొకరిగా మార్చడం కాదు. ఆటిజం జ్వరంలా మందుతో పోయేది కాదు. పూర్తిగా నయం చేస్తామనే వారిని నమ్మి డబ్బు పోగొట్టుకోవద్దు. స్పీచ్ థెరపీ వల్ల బిడ్డ తన అవసరాన్ని మాటతోనో, సైగతోనో, బొమ్మ చూపించో తెలపగలుగుతాడు. ఆక్యుపేషనల్ థెరపీ అన్నం తినడం, గుండీలు పెట్టుకోవడం వంటి పనులలో తోడ్పడుతుంది. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని గుర్తించింది. కాబట్టి ధ్రువపత్రం తీసుకోవడానికి సిగ్గుపడనవసరం లేదు.

అయితే థెరపిస్టు దగ్గర గడిచేది కొద్దిసేపే. మిగతా సమయమంతా ఆ బిడ్డ ఉండేది మన మధ్యనే. మతి విషయంలో ఏదో లోపమున్న ఒక స్త్రీ దైవప్రవక్త (స) వద్దకు వచ్చి, తనకు ఆయనతో పని ఉందన్నది. ఏ వీధిలో మాట్లాడాలో ఆమెనే ఎంచుకోమన్నారాయన. ఆమెతో వెళ్లి, ఆమె పని ముగిసేదాకా ఉన్నారు. హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. పసివాడి ఏడుపు వినిపిస్తే, తల్లి మనసు కష్టపడుతుందని నమాజునే కుదించిన కారుణ్యమూర్తి ఆయన. మరి మస్జిదులో అలాంటి బిడ్డ అరిస్తే తండ్రి వైపు గుడ్లురిమే మనం ఎవరి అనుచరులం?

మేము చెప్పదలచినది ఒక్కటే. బిడ్డ మన దారికి రావాలని కోరేముందు, ఆ బిడ్డ ఉన్న వీధికి మనం నడిచి వెళ్లాలి. అమానతు గురించి రేపు ప్రశ్న ఎదురయ్యేది బిడ్డకు కాదు, మనకు. అల్లాహ్ మనకు ఆ సహనాన్ని, వివేకాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.